చెన్నైలో కోత పండుగ: పొలం లేనివారి తొలిఫలాలు (తరచుగా అడిగే ప్రశ్నలు)

పంటకు కృతజ్ఞతగా తెచ్చిన కానుకల్ని చర్చిలో దేవుని ముందు పెట్టి, తర్వాత వేలం వేసే ఆదివారమే కోత పండుగ. దాని తేదీ ఆరాధనలో ప్రకటించిన రోజు సాయంత్రం నుంచే స్త్రీల సమాజం వాళ్ళకు ఫోన్లు మొదలవుతాయి. ఏం తేవాలి, ఎంత తేవాలి, కేకు సరిపోతుందా, అరిసెలు చేయాలా, వేలం పాటలో పాడకపోతే ఎవరైనా ఏమైనా అనుకుంటారా... ఒంగోలు, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి ఉద్యోగాల కోసం కొత్తగా వచ్చినవాళ్ళూ, తాతల కాలం నుంచి పెరంబూరు, వేపేరి, చూళై వీధుల్లో స్థిరపడ్డవాళ్ళూ అడిగేవి ఇంచుమించు ఇవే. పండుగ వంటలు, రొట్టెల పని చూసుకునేదాన్ని కాబట్టి నాకు తెలిసినంత వరకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

కోత పండుగ మనకు ఎక్కడి నుంచి వచ్చింది? ఇది దొరలు తెచ్చిన అలవాటేనా?

ఇప్పుడు మనం చేసే పద్ధతిలో కొంత దొరల నుంచి వచ్చిందే. మూలం మాత్రం బైబిల్లో ఉంది. తొలిపంటకు కోతపండుగ, సంవత్సరాంతంలో ఫలసంగ్రహపు పండుగ ఆచరించమని నిర్గమకాండం 23వ అధ్యాయం చెబుతుంది. లేవీయకాండం 23కి వస్తే వివరాలు ఇంకా దగ్గరగా కనిపిస్తాయి. మొదట కోసిన పనను యాజకుడి దగ్గరికి తేవాలి. ఆ తర్వాత యాభయ్యో రోజున రెండు రొట్టెలు తేవాలి. అవి పులియబెట్టి కాల్చినవై ఉండాలి, ఎవరి ఇంటి నుంచి వాళ్ళు తేవాలి. రొట్టెలు, కేకులు చేసే అక్కలు, చెల్లెళ్ళు ఈ వచనం దగ్గర కాసేపు ఆగాలని నా కోరిక. ఐగుప్తు నుంచి విడుదలైనందుకు చేసే పస్కా పండుగకు పులియని రొట్టె తిన్న జనాన్నే కోతకు పులిసిన రొట్టె తెమ్మన్నాడు దేవుడు. పిండి పిసికి, పొంగేదాకా కనిపెట్టుకుని, కాల్చి తెచ్చిన ఇంటి పని కూడా పొలం పంటతో పాటు సన్నిధికి చేరింది.

చర్చిలో కూరగాయలు, గుమ్మడికాయలు, రొట్టెలు పేర్చి ఒక ఆదివారం ప్రత్యేకంగా చేసే పద్ధతి ఇంగ్లండులో బలపడింది. 1843లో కార్న్‌వాల్ తీరంలోని మోర్వెన్‌స్టో అనే ఊరి పాదిరి రాబర్ట్ స్టీఫెన్ హాకర్, కొత్త గోధుమలతో చేసిన రొట్టెతో ప్రభురాత్రి భోజన సంస్కారం తీసుకుందాం రండని తన సంఘాన్ని పిలిచాడు. అది ఊరూరికీ పాకింది, మిషనరీలతో మన వైపుకూ వచ్చింది.

అయితే మన తెలుగు సంఘాల కృతజ్ఞతకు ఇంకో చరిత్ర ఉంది. 1876లో మొదలైన ధాత కరువు నెల్లూరు, ఒంగోలు సీమను తుడిచిపెట్టింది. ఆ రోజుల్లో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి ఇప్పించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కాలువే మన చెన్నై నడిమధ్య నుంచి పోతోంది. మైలాపూరు దగ్గర దాని మీదే లోకల్ రైలు స్తంభాలు నిలబెట్టారు. మా సంఘంలో చాలా కుటుంబాల మూలాలు ఆ ఊళ్ళలోనే ఉన్నాయి. పిల్లలకు కోత పండుగ ఎందుకో చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ముందు ఈ కాలువ సంగతే చెబుతాను.

మాకు పొలం లేదు, పెరడు కూడా లేదు. మేమేం తేవాలి?

ఇది అందరికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న. కొందరు అడగడానికి మొహమాటపడి ఆ ఆదివారం రావడమే మానేస్తారు, అది నాకు చాలా బాధ. ద్వితీయోపదేశకాండం 26లో గంపలో తొలిఫలాలు పెట్టుకుని వచ్చినవాడు ఏం చెప్పాలో రాసి ఉంది. నా పొలం, నా పంట అని అతను మొదలుపెట్టడు. మా పితరుడు దేశదిమ్మరి, ఐగుప్తులో పరవాసిగా ఉన్నాడు అని మొదలుపెడతాడు. పరాయి ఊళ్ళో అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఆ మాట నోరారా అనొచ్చు.

ఇక తేవలసిన వాటి సంగతి. మీ చేతి పని తీసుకురండి. రెండు రొట్టెలు, డబ్బాడు గవ్వలు, సీసాడు నిమ్మకాయ పచ్చడి, అరకిలో సున్నుండలు, మేడ మీద కుండీలో కాసిన నాలుగు పచ్చిమిరపకాయలు. కుట్టుపని చేసే ఒక అక్క ఏటా పాత చీరలతో సంచులు కుట్టి తెస్తుంది. కూరగాయల గంపల్ని ఆ సంచుల్లోకే సర్ది ఇస్తాం. జీతం మీద బతికేవాళ్ళకు నెల మొదటి సరుకుల్లోంచి తీసిన కిలో కందిపప్పు తొలిఫలమే.

ఇంకో పద్ధతి మన అమ్మమ్మలది, నాకు చాలా ఇష్టమైనది. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయడం. పండుగకు రెండు మూడు నెలల ముందు మొదలుపెడితే, ఎంత ఇరుకు సంసారమైనా ఒక సంచి నిండుతుంది. పురుగు పట్టకుండా డబ్బాలో నాలుగు ఎండుమిరపకాయలు వేయండి.

బేకరీలో కొన్న కేకు తెస్తే తప్పా?

తప్పు లేదు. రాత్రి డ్యూటీలు చేసే నర్సులు, పసిపిల్లల తల్లులు కొనుక్కొచ్చినా సంతోషంగా తీసుకుంటాం. వీలున్నవాళ్ళు మాత్రం చేసి తెండి. కొన్నదైతే తయారీ తేదీ చూడండి, క్రీము కేకులు వద్దు. ఆరాధన, వేలం ముగిసేసరికి అవి కరిగిపోతాయి.

పండుగ ఎప్పుడు చేస్తారు? ఒక్కో చర్చిలో ఒక్కో నెల ఎందుకు?

అందరికీ ఒకటే తేదీ లేదు. ఇంగ్లీషు పద్ధతి పాటించే సంఘాలు సెప్టెంబరు, అక్టోబరు వైపు పెట్టుకుంటాయి. చెంగల్పట్టు, తిరువళ్ళూరు చుట్టుపక్కల సాంబా వరి పంట సంక్రాంతి రోజుల్లో కోతకు వస్తుంది. నెల్లూరు సీమలో నాట్లు ఆలస్యం కాబట్టి అసలు కోతలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. ఆ రోజుల్లో పందిరి వేసి బల్లలు పరచడమంటే ప్రాణాంతకమైన పని, పైగా జంతికలు, బిస్కత్తులు గంటలో మెత్తబడిపోతాయి. అందుకే నా ఓటు ఎప్పుడూ ఫిబ్రవరికే. కొత్త బియ్యం దొరుకుతాయి, ఎండ ముదరదు, పిల్లల పరీక్షలు ఇంకా మొదలవవు.

అరిసెలు, సజ్జబూరెలు సంక్రాంతి వంటలు కదా, చర్చికి తేవచ్చా?

తప్పకుండా తెండి. కొత్త బియ్యం, కొత్త బెల్లం ఇంటికి వచ్చిన కాలంలో తెలుగింట్లో పుట్టిన వంటలు అవి. వాటిని పక్కన పెట్టి వట్టి ఫ్రూట్ కేకులతోనే కోత పండుగ చేస్తే బల్ల నిండుతుందేమో గానీ ఇంటి వాసన రాదు. ఎక్కడి పంటను అక్కడి వంటగా చేసి దేవుని ముందు పెట్టడమే ఈ పండుగ. కొందరు పెద్దలకు ఇందులో ఇబ్బంది ఉందని తెలుసు. వాళ్ళతో వాదన పెట్టుకోకుండా ఒక పళ్ళెం వాళ్ళింటికి పంపండి.

అరిసెలు నూనెలో విడిపోతున్నాయి, లేదా రాయిలా అవుతున్నాయి. ఎక్కడ తేడా?

పాకంలో, పిండి తడిలో. కిలో బియ్యానికి 750 నుంచి 800 గ్రాముల బెల్లం లెక్క. కొత్త బియ్యమే కావాలి. పాత బియ్యానికి ఆ జిగురు రాదు. రెడ్ హిల్స్ వైపు బియ్యం మిల్లుల దగ్గరగానీ, అక్కడి నుంచి సరుకు తెచ్చే దుకాణాల్లోగానీ ఈ ఏడాది పంట అని అడిగి తీసుకోండి. ఒక రోజంతా నానబెట్టాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. నీళ్ళు వడకట్టి, బట్ట మీద పావుగంట పరిచి, చేత్తో పట్టుకుంటే చెమ్మ తగిలేలా ఉండగానే పిండి పట్టించాలి. తడి బియ్యం పట్టే పిండి మిల్లు ఎక్కడుందో ముందుగానే కనుక్కోండి, అన్ని మిల్లుల్లోనూ పట్టరు. జల్లించిన పిండిని నొక్కి మూతపెట్టండి. ఫ్యాను కింద వదిలేస్తే ఆరిపోతుంది, అక్కడే సగం పని చెడుతుంది.

బెల్లంలో గ్లాసుకు తక్కువగా నీళ్ళు పోసి కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టాలి. పళ్ళెంలో చల్లని నీళ్ళు పోసుకుని పాకం చుక్క వేసి చూడండి. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండ కావాలి. కరిగిపోతే ఇంకా లేత, టక్కుమని చప్పుడొస్తే ముదిరిపోయింది. ఉండ పాకం రాగానే దించి, నెయ్యి, ఏలకుల పొడి, నువ్వులు వేసి, పిండిని కొంచెం కొంచెంగా కలుపుతూ చలిమిడి చేయాలి. ఒకరు కలుపుతుంటే ఒకరు పిండి పోయాలి, ఒంటరిగా చేసే పని కాదిది. నూనెలో విడిపోతే పాకం లేతదో, పిండి తక్కువో అయి ఉంటుంది. మిగతా చలిమిడిలో ఇంకొంచెం తడిపిండి కలిపి చూడండి. రాయిలా అయితే పాకం ముదిరినట్టు. కొద్దిగా వేడిపాలు చిలకరించి మర్దిస్తే కొంత దారికొస్తుంది. వేయించాక చెక్కల మధ్య నొక్కి నూనె తీసేయాలి, పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి. రెండు వారాలు హాయిగా నిలవుంటాయి కాబట్టి పండుగ ముందు వారంలోనే చేసేసుకోవచ్చు.

కోత రొట్టె అంటే ఏమిటి? ఇంటి ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్లో) అవుతుందా?

గోధుమ పన ఆకారంలో చేసే పెద్ద రొట్టె. ఇంగ్లండు చర్చిల్లో కోత ఆదివారం నాడు బలిపీఠం దగ్గర పెట్టడం అలవాటు. కాడల మీద చిన్న ఎలుకను కూడా పిండితో చేసి అతికిస్తారు. మేము దాన్ని వరి పనగా మార్చుకున్నాం. కంకులు నిటారుగా పెట్టకుండా రెండు పక్కలకూ వంగినట్టు పెడితే చాలు, చూసిన ప్రతి ఒక్కరూ వరి అని గుర్తుపడతారు. ఎలుక బదులు పిచ్చుక చేస్తాం. పల్లెలో వరి కుచ్చులు చూరుకు వేలాడదీసేది పిచ్చుకల కోసమే కదా.

30 లీటర్ల ఓటీజీ ట్రేకి సరిపడే కొలత ఇది: మైదా 500 గ్రాములు, గోధుమపిండి 250 గ్రాములు, ఉప్పు 12 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 4 గ్రాములు, నూనె ఒక పెద్ద చెంచా, నీళ్ళు 430 మిల్లీలీటర్లు. మర పట్టించిన గోధుమపిండి నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది, గట్టిగా అనిపిస్తే ఇంకో రెండు చెంచాలు పోయండి. ఇది మామూలు రొట్టె పిండి కంటే కాస్త గట్టిగానే ఉండాలి, మెత్తగా ఉంటే ఆకారం నిలవదు. పది నిమిషాలు బాగా పిసికి, తడిబట్ట కప్పి, ముప్పావు గంట పొంగనివ్వండి.

ఇప్పుడు పిండిని మూడు భాగాలు చేయండి. ఒక భాగాన్ని ట్రే మీదే పలచగా ఒత్తి, పైన విసనకర్రలా వెడల్పుగా, కింద పిడిలా సన్నగా చేసి, ఫోర్కుతో పొడవండి. లేకపోతే ఓవెన్లో బుడగలా లేస్తుంది. రెండో భాగాన్ని సన్నని తాళ్ళలా పేని కింది భాగంలో కాడలుగా పరచండి. మూడో భాగంలోంచి నిమ్మకాయలో సగమంత ముద్దలు తీసుకుని పొడుగ్గా చేసి, కత్తెర మొనతో రెండు వైపులా చిన్న చిన్న గాట్లు పెడితే గింజలు లేచినట్టు వస్తాయి. అడుగున నీళ్ళు రాసి, అంచుల నుంచి మొదలుపెట్టి ఒకదాని మీద ఒకటి ఆనేలా అతికించండి. చివర్లో మూడు తాళ్ళు జడలా అల్లి నడుముకు చుట్టండి.

అతికించాక మళ్ళీ ఎక్కువసేపు పొంగనివ్వకూడదు, పావుగంట చాలు. కొట్టిన గుడ్డు పూసి, 200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, రంగు రాగానే పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి 170 డిగ్రీల దగ్గర ఇంకో అరగంట. అడుగు తట్టి చూస్తే డొల్ల చప్పుడు రావాలి. గుడ్డు వద్దనుకుంటే పాలలో కొంచెం చక్కెర కలిపి పూయండి.

కొందరు దీన్ని గట్టిగా ఎండబెట్టి వార్నిష్ పూసి ఏళ్ళ తరబడి దాస్తారు. నాకది నచ్చదు. రొట్టె విరవాలి, పంచాలి. ఆరాధన ముగిశాక సండే స్కూలు పిల్లల చేత విరిపిస్తాం, పిచ్చుక కోసం పోటీ పడతారు.

మా ఇంట్లో ఓవెన్ లేదు.

రెండు దారులున్నాయి. మొదటిది, వీధి చివర బేకరీ. మధ్యాహ్నం వాళ్ళ రొట్టెలు దిగాక ఓవెన్లో వేడి ఇంకా మిగిలే ఉంటుంది. ట్రేకి ఇంత అని మాట్లాడుకుని మన ట్రేలు కాల్పించుకోవడం ఈ ఊళ్ళో క్రిస్మస్ కేకుల కాలం నుంచి ఉన్న అలవాటే. ట్రే అడుగున మీ పేరు పెయింటుతో రాయండి, వేడికి కాగితం చీటీలు నిలవవు. శనివారం పొద్దున వద్దు, వాళ్ళకదే రద్దీ.

రెండోది, ఓవెన్ అవసరం లేని పిండివంటలు. గవ్వలు, గులాబి పూలు, సున్నుండలు, మందపాటి గిన్నెలో సన్నని మంట మీద చేసే రవ్వకేకు. గులాబి పూలకు అచ్చు నూనెలో బాగా కాగాకే పిండిలో ముంచాలి, అదీ మూడొంతులే. అచ్చు పైకంచు దాకా మునిగితే పువ్వు ఊడిరాదు. పిండిలో కొబ్బరిపాలు వాడితే రుచి బాగుంటుంది. చల్లారిన వెంటనే బిగుతు మూత డబ్బాలో పెట్టండి. సముద్రగాలికి పదినిమిషాలు చాలు, కరకరలాడేది కాస్తా మెత్తబడిపోతుంది.

చెన్నై వేడికి పిండి మరీ త్వరగా పొంగి పుల్లబడుతోంది. ఏం చేయాలి?

వంటపుస్తకాల్లోని గంటలు చలిదేశాల లెక్క. వంటగది 32 డిగ్రీలు దాటి ఉంటే ఈస్ట్ మూడో వంతు తగ్గించండి, ఫ్రిజ్ నీళ్ళతో కలపండి, గడియారం వదిలేసి పిండిని చూడండి. వేలితో నొక్కితే గుంట మెల్లగా సగం పూడితే కాల్చడానికి సిద్ధం. వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి, అసలు పూడకపోతే ఎక్కువైంది. తెల్లవారుజామున కాల్చాలనుకుంటే రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టడం అన్నిటికంటే మంచి పద్ధతి. రుచీ పెరుగుతుంది, పొద్దున పనీ తగ్గుతుంది.

రాగులు, జొన్నలు, సజ్జలతో రొట్టె చేయవచ్చా?

చేయాలి. ఒంగోలు వైపు మెట్ట నేలల్లో మన పెద్దలు తిన్న పంటలు అవే. బల్ల మీద వరి, గోధుమలే ఉంటే ఆ నేలను మరిచినట్టే. అయితే వీటిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి ఈస్ట్ రొట్టె వాటితోనే చేస్తే పొంగదు, ఇటుకలా వస్తుంది. మొత్తం పిండిలో నాలుగో వంతు దాకా రాగిపిండి కలిపితే రంగూ వాసనా వస్తాయి, రొట్టె కూడా లేస్తుంది. నూరు శాతం జొన్నతో కావాలంటే మరిగే నీళ్ళు పోసి కలిపి, చేత్తో తట్టి, పెనం మీద కాల్చే జొన్నరొట్టెకు మించింది లేదు. పెద్దవయసు అమ్మలు చర్చి వరండాలో కూర్చుని తడుతుంటే చూడటానికి పిల్లలు చుట్టూ మూగుతారు. అది కూడా ఆ రోజు పెట్టుకోండి.

బల్ల ఎలా సర్దాలి? కోయంబేడు టోకు మార్కెట్టుకు వెళ్ళాలా?

పెద్ద ఎత్తున కావాలంటే కోయంబేడే. తెల్లవారకముందు వెళ్ళాలి. చెరకు గడలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, బంతిపూలు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. అరటిచెట్లు గుమ్మానికి కడితే చాలు, లోపల అలంకారం మీద డబ్బు పోయకండి. సంఘస్థులు తెచ్చినవే అలంకారం. బియ్యం, పప్పులు ముందు వరసలో, రొట్టెలు మధ్యలో ఎత్తుగా, కూరగాయలు చుట్టూ. వండిన వంటలు బలిపీఠం దగ్గర పెట్టకండి, అవి వరండాలో నీడపట్టున ఉండాలి. థర్మోకోల్ అక్షరాలు, ప్లాస్టిక్ పళ్ళు నాకు మనస్కరించవు.

చిన్న కానుక పెద్ద కానుక వెనక దాక్కోకుండా చూడటం సర్దేవాళ్ళ బాధ్యత. ఎవరో నాలుగు కోడిగుడ్లు తెస్తారు. వాటికి ఒక పళ్ళెం, ఒక చోటు ఉండాలి.

వేలం పాట సరైనదేనా? ఒక నిమ్మకాయ వేలల్లో పలకడం ఏమిటి?

తమిళ సంఘాల అఱుప్పిన్ పండిగైలోనూ, మన కోత పండుగలోనూ వేలం లేకపోతే చాలామందికి పండుగలాగే ఉండదు. నాకూ వేలం ఇష్టమే. పాత కక్షలు మరిచి ఇద్దరు బావలు ఒక గుమ్మడికాయ కోసం పోటీ పడుతుంటే సంఘమంతా నవ్వుతుంది. అక్కడ కాయకు ధర కట్టడం లేదు, కానుక ఇవ్వడానికి అదొక సందడి దారి. ఇంతవరకు మంచిదే.

ఇబ్బంది ఎక్కడంటే, రోజుకూలీ చేసే కుటుంబం తెచ్చిన ఆనపకాయను ఎవరూ పాడకుండా ఇరవై రూపాయలకు వదిలేస్తారు, పేరున్నవాళ్ళు తెచ్చినదాన్ని మాత్రం మళ్ళీ మళ్ళీ పాడతారు. తెచ్చినవాళ్ళు అక్కడే నిలబడి చూస్తుంటారు. పేద విధవరాలు వేసిన రెండు కాసుల్ని అందరి కానుకల కంటే ఎక్కువగా ప్రభువు లెక్కపెట్టిన తీరు మనకు తెలుసు. అందుకని కొన్ని పద్ధతులు పెట్టుకోండి. ఎవరు తెచ్చారో వేలంలో చెప్పకండి. బల్ల మీది వాటిలో సగమే వేలానికి పెట్టి, మిగతా సగం పది, ఇరవై, యాభై రూపాయల స్థిర ధరకు పక్క బల్ల మీద అమ్మండి. పాడటానికి మొహమాటపడేవాళ్ళు కూడా ఏదో ఒకటి చేతపట్టుకుని ఇంటికి వెళ్తారు. చిన్న కానుకల్ని విడివిడిగా పెట్టకుండా నాలుగైదు కలిపి ఒక గంపగా చేసి పాడించండి. డబ్బు దేనికి వాడతారో వేలానికి ముందే చెప్పాలి, ఎంత వచ్చిందో మరుసటి ఆదివారం చదవాలి, ఇచ్చినవాళ్ళ పేర్లు చదవనక్కర్లేదు.

ఇంట్లో చేసినవి వేలంలో ఎప్పుడూ ఎక్కువే పలుకుతాయి. చేసింది ఏ రోజు, అందులో ఏమున్నాయి అని చీటీ అంటించండి. గుడ్డు, పాలు, గోధుమ, వేరుశనగ, జీడిపప్పు ఉంటే తప్పక రాయాలి. పడనివాళ్ళు ఉంటారు.

ప్రేమ విందుకు (ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే భోజనానికి) ఎంత వండాలి?

నూరు మందికి మా లెక్క: పులిహోరకు 6 కిలోల బియ్యం, తెల్లన్నానికి 5 కిలోలు. చింతపండు కిలో బియ్యానికి 100 గ్రాములు. ఎముకతో సహా కోడిమాంసం 15 కిలోలు. పప్పుచారుకు కందిపప్పు రెండున్నర కిలోలు. కొత్త బియ్యం అన్నం జిగురుగా ముద్దవుతుంది, పులిహోరకు, పులావుకు పాత బియ్యమే వాడండి. కొత్త బియ్యంతో పరమాన్నం వండండి, దానికదే అందం. శాకాహారం గరిటెలు, గిన్నెలు వేరు. వాటి బల్ల కూడా వేరుగా, దూరంగా ఉంటే పొరుగువాళ్ళు సందేహం లేకుండా తింటారు.

వండినవి ఎంతసేపు బయట ఉంచవచ్చు?

మన ఎండలో గంట దాటనివ్వకండి. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. కోడికూర, పప్పుచారు పొయ్యి మీదే పొగలు కక్కుతూ ఉండాలి, పెరుగు వడ్డించే ముందే బయటికి రావాలి. కొబ్బరి పచ్చడి విందుకు వద్దే వద్దు. పులిహోర చింతపండు పులుపుకు, నూనెకు కాస్త ఎక్కువసేపు ఆగుతుంది, అందుకే ప్రయాణాలకు కట్టుకెళ్ళేవాళ్ళు. దాన్ని కూడా సాయంత్రం దాకా లాగకండి. జ్వరం, విరేచనాలు, చేతి మీద పుండు ఉన్నవాళ్ళు ఆ వారం వంటకు రాకుండా చీటీలు రాసే పని తీసుకోవాలి.

మిగిలినవి ఎవరికి ఇవ్వాలి?

మిగిలాక ఆలోచించే పని కాదిది. లేవీయకాండంలో కోతపండుగ గురించి చెప్పిన వెంటనే 22వ వచనం వస్తుంది: పొలం అంచులు పూర్తిగా కోయొద్దు, రాలిన పరిగె ఏరొద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయి. బైబిల్లోని పరదేశి విధవరాలు రూతు యవల పొలంలో పరిగె ఏరుకోగలిగింది ఆ ఆజ్ఞ వల్లే. పొలం అంచు అంటే పంటలో ముందే వదిలిన భాగం. కాబట్టి బియ్యం, పప్పు, నూనె వేలానికి పెట్టకుండా మొదటే పక్కకు తీయండి. గుప్పెడు బియ్యం సంచులన్నీ అందులోకే. సంఘంలో మంచాన పడ్డవాళ్ళు, వితంతువులు, వీధిలో తెలిసిన ఇళ్ళు, దగ్గర్లోని వృద్ధాశ్రమం, ఏది ఎవరికో శనివారమే రాసుకోండి. సంచులు ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వండి, వేదిక మీదికి పిలిచి ఫోటోలు తీయకండి. వండిన అన్నం ఎక్కడికైనా పంపితే గంటలోపు చేరాలి, ముందే ఫోన్ చేసి అవతలివాళ్ళు సరేనంటేనే పంపండి.

పిల్లలకు ఏ పని ఇవ్వాలి?

రెండు వారాల ముందు సండే స్కూలులో పాత డబ్బాల్లో మట్టి పోసి మెంతులు చల్లించండి. పండుగ నాటికి చిన్న మెంతికూర వస్తుంది, వాళ్ళ పంట వాళ్ళే తెస్తారు. కోత రొట్టెకు కంకుల గాట్లు పెట్టడం కూడా పిల్లల వేళ్ళకు బాగా కుదురుతుంది.

మేము తమిళ సంఘంతో కలిసి చేయాల్సి వస్తోంది. కలుస్తామా?

బాగా కలుస్తాం. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తెలుగు పల్లెల మధ్యకు వెళ్ళి సేవ చేసి, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది కూడా ఈ ఊళ్ళోని సెయింట్ జార్జి కెథెడ్రల్‌లోనే. ఆచరణలో మాత్రం రెండు సంగతులు ముందే మాట్లాడుకోండి. వేలం రెండు భాషల్లో పాడే మనిషి కావాలి, లేకపోతే మన పెద్దవాళ్ళు చూస్తూ కూర్చుంటారు. వంటలు పంచుకోండి. వాళ్ళు చక్కెర పొంగలి తెస్తే మనం పరమాన్నం మానుకుని బూరెలు తెద్దాం.

మా పక్కింటి హిందూ, ముస్లిం స్నేహితులను పిలవవచ్చా?

పిలవండి. కోతపండుగకే ఇంకో పేరైన వారాల పండుగలో నీ పనివాళ్ళూ, నీ ఊళ్ళోని పరదేశులూ, తండ్రి లేనివాళ్ళూ, విధవరాళ్ళూ నీతో కలిసి సంతోషించాలని ద్వితీయోపదేశకాండం 16 చెబుతుంది. వాళ్ళు ఏమైనా తెస్తామంటే వద్దనకండి. మాంసం ఎక్కడ కొన్నారో ముస్లిం స్నేహితులు అడిగితే సూటిగా చెప్పండి, హలాల్ దుకాణంలో కొంటే ఆ ఇబ్బందే ఉండదు.

మా గిన్నెలు తిరిగి ఎలా దొరుకుతాయి?

స్టీలు గిన్నె అడుగున పేరు చెక్కించి ఉంటే సరే. లేకపోతే తెల్ల టేపు మీద పేరు, ఫోను నంబరు మార్కరుతో రాసి అడుగున అంటించండి, మూతకు కూడా. శనివారం సాయంత్రం 5 నుంచి 8 దాకా పొడి కానుకలు తీసుకుంటాం. రొట్టెలు, కేకులు ఆదివారం పొద్దున ఆరాధనకు అరగంట ముందు, వేడి వంటలు నేరుగా వంటశాలకు. గిన్నెలు కడిగి వరండాలోని ఎడమవైపు బెంచీ మీద పెడతాం. మరుసటి ఆదివారం దాకా అక్కడే ఉంటాయి.